బెణుకేగా అనుకోవద్దు!

ఆటలో పిల్లాడి కాలు మెలికపడింది. చీలమండ వాచింది. ‘బెణికిందిలే’ అని ఇంట్లోవాళ్లు తైలం రాసి మర్దన మొదలుపెడతారు. ఎదిగే పిల్లల విషయంలో ఆ తొందర పనికిరాదు. వాళ్ల ఎముకల చివర గ్రోత్‌ప్లేట్ అనే మెత్తటి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. కీలును పట్టి ఉంచే లిగమెంట్ల కన్నా అది బలహీనం. కాబట్టి లిగమెంటుకు బదులు ఆ పొరే చిట్లే ప్రమాదం ఉంది.

చీలమండ దగ్గర ఈ పొర అమ్మాయిల్లో సుమారు 14, అబ్బాయిల్లో 16 ఏళ్లకు మూసుకుంటుంది. అదీ ఒక్కసారిగా కాదు, ఏడాదిన్నర పడుతుంది. బయటివైపు అన్నిటికన్నా ఆఖరున మూసుకుంటుంది. ఆ దశలో పాదం మెలితిరిగితే ఆ మూల ఎముక ముక్కగా ఊడొస్తుంది. దీన్నే టిల్లో ఫ్రాక్చర్ అంటారు.

పొర చిట్లినా ఒక్కోసారి ఎక్స్‌రేలో కనిపించదు. ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా, కాలు మోపలేకపోయినా మర్దన మానాలి. కాలు కదలకుండా ఉంచి ఎముకల డాక్టరుకు చూపించాలి. చాలామందికి కట్టుతోనే నయమవుతుంది. కీలు దగ్గర ముక్క 2 మిల్లీమీటర్లకు మించి జరిగితే ఆపరేషన్ అవసరం కావచ్చు. కట్టు విప్పాక కూడా కొన్ని నెలలపాటు డాక్టరుకు చూపిస్తుండాలి. ఎదుగుదల ఆగితే కాలు పొట్టిదవడమో, వంకరపోవడమో జరగొచ్చు. త్వరగా పసిగడితే సరిదిద్దడం తేలిక.