కట్టి చూడని పెండ్లిచీర

ఈ నెల ఊరగాయలను గూర్చి వ్రాయుదుమని క్రిందటి సంచికలో మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందుకు క్షమింపుడు. మా యింటికొక చీర వచ్చి మా తలంపులన్నిటిని తనవైపునకు లాగికొన్నది. వచ్చినదనుటయు సత్యము కాదు. చీర ధర్మవరమున నొక దుకాణములోనే యున్నది. మా చేతిఫోనులోనికి వచ్చినది దాని బొమ్మ.

మా ఆడుబిడ్డగారి కుమార్తెకు వివాహము కుదిరినది. ముహూర్తము నలువది దినములున్నది. మా యిండ్లలో పెండ్లికూతురును గంపలో గూర్చుండబెట్టి మండపమునకు దెచ్చువాడు మేనమామ. ఆమె కట్టు పట్టుచీరయు మేనమామ యింటినుండియే పోవలెను. ఆ మేనమామ మావారు, మావారు బడిపంతులు. చీర వెల 36,000 రూపాయలు. ఇంతకుమించి మా మనఃస్థితిని వర్ణింప నక్కరలేదు.

పిల్ల హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నది. ఆమెయే ఆ బొమ్మను పంపి, "అత్తయ్యా! నాకిదే కావలెను. రేపు సాయంకాలములోగా సొమ్ము పంపకున్న వేరొకరికి ఇచ్చివేయుదురట" అని ఫోనులో చెప్పినది. నెమలికంఠపు వన్నె, ఎఱ్ఱని పెద్ద అంచు, కొంగునిండ జరీ. చూచుటకు ముచ్చటగనే యున్నది. మేము రెండు గడియలు జవాబీయక ఊరకుంటిమి. ఈలోపల వదినగారు ఫోను చేసి, "మీకు కష్టమైనచో చెప్పుడు, మేమే కొనుక్కొందుము" అనిరి. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే అది మరింత గ్రుచ్చుకొన్నది.

మావారికి ఇందులో సందేహింపవలసిన దేమియు గనబడలేదు. "చొక్కా యైనచో తొడిగి చూడవలెను. చీరకు కొలత యేమి? ఐదున్నర మీటరులు ఎవరికైన నొక్కటియే" అనిరి. చీర కట్టని వారికి అట్లే తోచును. అత్తగారి అభ్యంతరము వేరు: "పెండ్లిచీరను ముందే కట్టి విప్పుదురా? విడిచిన బట్ట కాదా అది? మడత నలగరాదు." ఒకరిది లెక్క, ఒకరిది ఆచారము, రెండును చూడకుండ కొనుమనియే చెప్పుచున్నవి.

అత్తగారి మాట నిరాధారము కాదు. శుభకర్మలకు అహతవస్త్రము కావలెనని పెద్దలు చెప్పిరి. అనగా క్రొత్తది, అంచుల దారములు తెగనిది, ఎవరును ధరింపనిది. మధుపర్కములకు ఈ నియమము చక్కగ చెల్లును. తెల్లని నూలుబట్టలు, సన్నని అంచు. వానిలో చూచి ఎంచవలసిన దేమున్నది? వానిని పసుపు పెట్టి పీటలమీద నిచ్చువఱకు మేమును విప్పము. పట్టుచీర సంగతి అట్లు కాదు. అది దుకాణములో పదిమంది భుజములమీద కెక్కి దిగియే మన యింటికి వచ్చును. "భుజముమీద వేసికొనుట కట్టుట యగునా అత్తయ్యగారూ?" అని యడిగితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "పైట వేసి చూడవచ్చును. కుచ్చిళ్ళు మాత్రము దోపరాదు" అని తీర్పు చెప్పిరి. ఏ స్మృతికర్తయు ఇంత స్పష్టముగ గీత గీయలేదని మా నమ్మకము.

కాళిదాసు శాకుంతలములో నాలుగవ అంకము మాకు మిక్కిలి ఇష్టము. శకుంతల అత్తవారింటికి పోవునపుడు ఒక వృక్షము చంద్రునివలె తెల్లనైన పట్టుబట్టను, మఱియొకటి లత్తుకను ఇచ్చును; వనదేవతలు ఆభరణముల నిత్తురు. ఆ యాశ్రమపు చెలికత్తెలు నగ లెన్నడును పెట్టి యెఱుగరు. చిత్రపటములలో చూచిన యెఱుకచేత ఆమె కలంకరించెదమందురు. బొమ్మను చూచి పెండ్లిపిల్లను ముస్తాబు చేయుట ఇప్పటి వింత కాదన్నమాట. కాని వారికి బట్టయు ఎదుట నున్నది, పిల్లయు ఎదుట నున్నది. మాకు రెండును లేవు.

మఱియొక కారణముచేతను మేము జంకితిమి. ఇది నవ్వులకు చెప్పుట కాదు. మా పెండ్లిలో రవికను ఆది పంపియే కుట్టించిరి. ఆ ఆది రెండేండ్లనాటిది. రవిక ముహూర్తమునకు ముందురాత్రి వచ్చినది. ఆ సందడిలో తొడిగి చూచుటకు ఎవరికిని తోచలేదు. బిగువుగనే యున్నను ఎట్లో తొడిగిరి. పీటలమీద చేతులు ముడుచుకొని కూర్చున్నంతసేపు తెలియలేదు. తలంబ్రాలు పోయుటకు చేతులెత్తగనే చంకలో కుట్లు పటపట తెగినవి. పైట జారకుండ ఒక చేత పట్టుకొని రెండవచేత చిటికెడు చిటికెడుగ పోసితిమి. మావారు దోసిళ్ళతో కుమ్మరించుచుండగా సభవారందరు పెండ్లికూతురు సిగ్గరి యని మెచ్చుకొనిరి. ఇప్పటి మగ్గముపని రవికలకు ఈ గండము మరింత యెక్కువ. చేతులనిండ పూసలు, తీగలు కుట్టిన తరువాత వదులు చేయుటకు లోపల గుడ్డ విడువనిచో ఏ దర్జీయు సాయపడలేడు. కావున పెండ్లి రవికను పదిదినములు ముందుగ తెప్పించి, తొడిగి, చేతులు రెండును తలమీదికెత్తి చూడవలెను. అద్దములో చూచుట చాలదు.

మఱునాడు ఉదయము అనంతపురములో బస్సెక్కి, కొలతటేపు సంచిలో వేసికొని ధర్మవరము పోతిమి. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున వ్రాసిన స్త్రీల చీరలను చూచియే ఇచ్చటి నేతవారు అంచులు కూర్చిరని ప్రతీతి. దుకాణదారుడు మర్యాదస్థుడు. చీర తీసి పఱచెను. లోపల దీపములక్రింద అది బొమ్మలో నున్నట్లు నీలముగనే యున్నది. గడపవద్ద ఎండకు తెచ్చి చూడగా ఆకుపచ్చ! ఇందులో మోస మేమియు లేదు. నెమలికంఠమునకు పడుగు ఒక వన్నె, పేక మఱియొక వన్నె. కదలిన కొలది రంగు మాఱును. కదలని బొమ్మ ఒక్కదానినే పట్టుకొనును.

పైట వేసికొని చూచితిమి. బరువు భుజమును క్రిందికి లాగుచున్నది. తూపించగా 900 గ్రాములు. మూడుగంటలు హోమము నొద్ద దానితో కూర్చుండవలెను గదా. పట్టుముద్ర చీటీ ఉన్నది. 2004 నుండి వచ్చుచున్న ఆ ముద్ర పట్టు స్వచ్ఛతకే సాక్షి, జరీకి గాని చేమగ్గమునకు గాని కాదని సోదరీమణులు గుర్తుంచుకొనవలెను. చివరకు పన్నా కొలిచితిమి. 45 అంగుళములు. ఐదడుగుల మనిషిమి గనుక మాకు చక్కగ సరిపోయినది. మా పిల్ల ఐదడుగుల తొమ్మిదంగుళముల పొడవరి. నడుమునుండి నేలవఱకు 43 అంగుళములని ముందే కొలిపించి యుంటిమి. దోపుటకు నాలుగంగుళములు పోగా మిగులునది 41. సప్తపదిలో చీలమండలు కనబడును. చీరకు కొలత యేమి యనిన మావారికి ఆ రాత్రి ఈ తీసివేతలెక్క చేసి చూపితిమి.

దూరమునుండి కొనక తప్పనివారు పన్నాను, బరువును అడిగి తెలిసికొని, ఎండలో చీరను కదుపుచు వీడియో తీయించుకొనుట మేలు. చెప్పినదొకటి పంపినదొకటి యైనచో, ఆన్‌లైను అమ్మకములో వెనుకకు తీసికొనననుటకు అమ్మినవారికి వీలులేదని 2020 నాటి నియమములు చెప్పుచున్నవి. కాని రంగు మన పిల్లకు నప్పకపోవుట వారి తప్పు కాదు. ఫాల్ కుట్టి రవికగుడ్డ కత్తిరించిన పిదప అడుగుటకు నోరును రాదు.

గడపవద్దనుండియే పిల్లకు వీడియోలో చూపితిమి. "అయ్యో, ఇది పచ్చ గదా అత్తయ్యా!" అని ఊరకున్నది. మేము పన్నా సంగతి చెప్పితిమి. "మీకు నచ్చలేదని చెప్పవచ్చును గదా" అనినది. ఆ సాయంకాలమే చీర వేరొకరికి పోయినది. పిల్ల రెండు దినములు మాతో మాటలాడలేదు. వదినగారు మాటలాడిరి గాని పొడిపొడిగ.

మూడవనాడు పిల్లయే ఫోను చేసినది. టేపుతో తన చీరలన్నియు కొలిచినదట. పొట్టియని ఎన్నడును కట్టక మూలబెట్టిన రెండును 45 అంగుళములవేనట. శనివారము రాత్రి కాచిగూడలో రైలెక్కి వచ్చుచున్నది. ఆదివారము అందరమును ధర్మవరము పోవుదుము. అత్తగారును బయలుదేరుచున్నారు, కుచ్చిళ్ళు దోపకుండ కాచుటకు.