గద్దె దించితే సరిపోదు: నెమలి పౌరుల ప్రణాళిక

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం నెమలి మా ఊరు. వేణుగోపాలస్వామి గుడి వల్ల పది ఊళ్లవాళ్లకూ తెలిసిన ఊరు. ఇక్కడ ఓటున్న రైతులం, కూలీలం, డ్వాక్రా మహిళలం, చదువుకుంటున్న యువతీయువకులం ఏ జెండా కిందా చేరకుండా ఊరి పాలన గురించి ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం.

మా మాట ఒక్కటే. వారసత్వపు పెత్తనాన్ని తీసేయడం సగం పని. ఆ చోట జనానికి జవాబుదారీగా ఉండే సంస్థలను నిలబెట్టడం మిగతా సగం. అది చేయకపోతే పాత పెత్తనం కొత్త పేరుతో తిరిగొస్తుంది.

బ్రిటన్ చరిత్ర చెప్పేదీ ఇదే. 1649 జనవరి 30న ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్‌కు మరణశిక్ష అమలు చేశారు. ప్రభువుల సభను రద్దు చేశారు, రాజు లేని రాజ్యమని ప్రకటించారు. కానీ సైన్యాన్ని అదుపులో పెట్టగల సభ ఒక్కటీ నిలదొక్కుకోలేదు. 1653లో లిఖిత రాజ్యాంగం వచ్చింది. దాని ప్రకారం సైన్యాధిపతి క్రామ్‌వెల్ జీవితాంతం ప్రొటెక్టర్, అంటే దేశాధినేత అయ్యాడు, 1658లో ఆయన పోయాక పదవి కొడుక్కి దక్కింది. 1660లో రాజరికమే తిరిగొచ్చింది. రాజు పోయాడు గానీ రాజు కుర్చీ పోలేదు.

మన పల్లెల్లో ఆ కుర్చీ మునసబు, కరణాలది. తండ్రి తర్వాత కొడుకు దస్త్రాలు పట్టే ఆ పద్ధతిని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను దాని ద్వారా చేరిన పదకొండో షెడ్యూలు పేర్కొంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలతో ఉద్యోగులూ ఊళ్లోకే వచ్చారు. అయినా ఒక్కో ఉద్యోగి పైనున్న తన శాఖకే జవాబు చెప్పుకుంటాడు. ఎదురుగా నిలబడ్డ మనిషికి జవాబు చెప్పాల్సిన ఏర్పాటే కొరవడింది. అందుకే ఈ సూత్రాలు.

1. గ్రామ సభే ఊరికి పెద్ద. సర్పంచి, వార్డు సభ్యులు, కార్యదర్శి సభ అప్పగించిన పని చేసేవారు. సభ తేదీని ముందుగానే చాటింపు వేయించాలి. కూలి పనులకు పోయేవాళ్లు తిరిగొచ్చాకే సభ పెట్టాలి.

2. తీర్మానం పూర్తిగా రాసి, అందరికీ వినపడేలా చదివాకే సంతకాలు. ఖాళీ పేజీ మీద ఎవరూ సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకూడదు. చదువురాని మనిషి అడిగితే రెండోసారీ చదవాలి. ఒప్పుకోనివాళ్ల అభ్యంతరం కూడా అదే పేజీలో ఎక్కాలి.

3. పని నిర్ణయించేది సభ, చేయించేది పంచాయతీ, తనిఖీ చేసేది సభ ఎన్నుకున్న పౌరుల సంఘం. ఈ మూడూ ఒకే చేతిలో ఉండకూడదు. సిమెంటు రోడ్డు వేస్తే పొడవు, మందం, ఖర్చు ఆ రోడ్డు పక్కనే బోర్డు మీద రాయాలి. టేపు పట్టి కొలిచే హక్కు ఆ వీధివాళ్లకు ఉండాలి. కాంట్రాక్టరు బంధువులు తనిఖీ సంఘంలో ఉండరాదు.

4. లెక్క చెప్పనివారికి మళ్లీ బాధ్యత ఇవ్వం. వెయ్యేళ్ల కిందట తమిళనాట ఉత్తరమేరూరులో కుండలో వేసిన పేర్ల ఆకులను తీసి సభ్యులను ఎంచుకునేవారు. పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాళ్ల పేరు ఆ కుండలోకే వెళ్లేది కాదు. చోళుల శాసనంలో చెక్కిన ఆ నియమం మాకు ఆదర్శం.

5. ఊరికి అధికారం రావడమంటే పెద్ద కులాలకు రావడం కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెల సంకుచితత్వాన్ని, వర్గతత్వాన్ని ఎత్తిచూపారు. ఆ హెచ్చరికను మేము శిరసావహిస్తాం. ఎస్సీ, ఎస్టీ వాడల పనులపై ఆ వాడల్లోనే సభ జరగాలి. వాళ్లకు కేటాయించిన నిధిని వాళ్ల ఒప్పుదల లేకుండా వేరే పనికి మళ్లించకూడదు.

6. మన రాష్ట్రంలో స్థానిక పదవుల్లో సగం మహిళలవి. గెలిచిన మహిళ కుర్చీలో ఆమే కూర్చోవాలి, ఆమే మాట్లాడాలి, ఆమే సంతకం చేయాలి. భర్తకు గానీ కొడుక్కి గానీ సభలో పక్కన కుర్చీ వేయం.

7. సచివాలయ ఉద్యోగులు ప్రతి గ్రామ సభకూ వచ్చి, వచ్చిన అర్జీలెన్ని, తేలినవెన్ని, ఆగినవెందుకో చెప్పాలి. జీతం ప్రభుత్వం ఇచ్చినా సేవ ఊరికి.

8. నీటి విషయంలో మొదటి మాట కాలువ చివరి రైతుది. నీటి సంఘాలు 1997 చట్టంతో వచ్చాయి. తూము దగ్గరున్నవాడు తడుపుకున్నాక మిగిలితేనే కిందికి అనే పద్ధతిని ఒప్పుకోం. వంతుల పట్టికను ఆ సంఘాలు బహిరంగంగా పెట్టాలి.

ఇవి ఎవరినో దించడానికి రాసుకున్నవి కావు. రేపు మాలో ఒకరు సర్పంచి అయినా ఇవే కట్టుబాట్లు. తప్పు చేసింది మనవాడే కదా అని నోరు మూసుకోవడం మొదలైన రోజునే మునసబుగిరీ తిరిగొస్తుంది.

ఈ ప్రణాళికను వాడవాడలా చదివి వినిపిస్తాం, సవరణలు అడుగుతాం, గ్రామ సభలో తీర్మానంగా పెడతాం. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థినీ ఈ ఎనిమిది సూత్రాలకు కట్టుబడతారా అని జనం ముందే అడుగుతాం. ఏ పార్టీ, ఏ కులం, ఎంత డబ్బు అన్నది చూడకుండా, వాళ్లిచ్చే జవాబును బట్టే ఓటు వేస్తాం.