కంప్యూటర్ కబుర్లు: అరబ్బీకి కుదిరితే తెలుగుకీ కుదురుతుంది

పండుగ వస్తోందంటే సంఘంలో ముందుగా మొదలయ్యేది బ్యానరు పని. గల్ఫ్‌లో ఉన్నాం గనుక పైన అరబ్బీలో స్వాగతం, మధ్యలో ఇంగ్లీషు, కింద మన తెలుగు. ఫొటోలు అతికించడం, రంగులు దిద్దడం ఇప్పుడు మన పిల్లలే చేసేస్తున్నారు. చిక్కంతా అక్షరాల దగ్గరే. అరబ్బీ చదవడం రాని మనకు అది తప్పుగా పడినా తెలియదు. అతిథులుగా వచ్చిన స్థానికులకు మాత్రం గుమ్మంలోనే తెలిసిపోతుంది.

అరబ్బీ, హీబ్రూ రెండూ కుడి నుంచి ఎడమకు నడిచే లిపులు. హీబ్రూ అచ్చులో 22 అక్షరాలూ దేనికది విడిగా నిలబడతాయి. అయిదింటికి మాత్రం మాట చివర వేరే రూపం ఉంటుంది. అరబ్బీలోని 28 అక్షరాలు అలా కాదు, చేతులు పట్టుకుని నడుస్తాయి. ఒకే అక్షరం మాట మొదట్లో ఒకలా, నడుమ ఒకలా, చివర మరోలా కనిపిస్తుంది. 'మర్హబా' అనే పలకరింపునే చూడండి. మీమ్, రా, హా, బా, అలిఫ్ అని అయిదు అక్షరాలు. మీమ్ పక్కనున్న రాతో కలుస్తుంది. రా తన తర్వాతి అక్షరంతో కలవదు. మళ్ళీ హా, బా, అలిఫ్ ఒక గొలుసు. ఈ మర్యాద తెలియని సాఫ్ట్‌వేర్ అయిదింటినీ విడదీసి, ఎడమ నుంచి పేర్చేస్తుంది. అది ఇక మర్హబా కాదు!

పైగా అరబ్బీ వాక్యం కుడి నుంచి నడిచినా, అందులోని ఫోను నంబరు ఎడమ నుంచే నడవాలి. ఒకే వరుసలో రెండు దిక్కుల ప్రయాణం అన్నమాట.

'మనది ఎడమ నుంచే కదా, మనకేం బాధ?' అనుకోకండి. 'స్వాగతం' అన్న మాటలో 'వ' వెళ్ళి 'స' కింద వత్తుగా కూర్చోవాలి. కూర్చోబెట్టడం తెలియని సాఫ్ట్‌వేర్ 'స్' ఒకచోట, 'వా' ఒకచోట పడేస్తుంది. రోగం ఒకటే గనుక మందూ ఒకటే.

ఒకప్పుడు ఫొటోషాప్‌ను అరబ్బీ, హీబ్రూల కోసం మిడిల్ ఈస్ట్ ఎడిషన్ అని వేరుగా అమ్మేవారు. తర్వాతి వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అనే ఎంపిక వచ్చింది. పేరులోనే ఉంది చూశారా, అరబ్బీతో పాటు మనమూ ఉన్నాం! 2021లో వచ్చిన వెర్షన్ నుంచి అన్ని లిపులకూ కలిపి ఒకే ఏర్పాటు చేశారు. ఉచితంగా దొరికే గింప్‌లో ఈ పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆ పేరు పారశీక మాటల నుంచి వచ్చింది. 'హర్ఫ్' అంటే అక్షరం. అరబ్బీ గొలుసునూ, తెలుగు వత్తునూ కూర్చేది అదే.

బ్యానరు చేసే పిల్లలకు నాలుగు మాటలు. అరబ్బీ పేరాకు దిశను కుడి నుంచి అని పెట్టండి. లేకుంటే చివరి చుక్క తప్పు వైపుకు పోతుంది. అందం కోసం అక్షరాల మధ్య ఎడం పెంచకండి, గొలుసు తెగుతుంది. ప్రెస్సుకు పీడీఎఫ్ పంపండి. వాళ్ళ కంప్యూటర్లో మన ఫాంటు లేకపోయినా అక్షరాలు చెదరవు. అన్నిటికన్నా ముఖ్యం, అచ్చుకు ముందు ఆ భాష చదవగలిగినవారికి ఒక్కసారి చూపించండి. అరబ్బీ అయితే పక్కింటివారికి, తెలుగు అయితే అమ్మమ్మకో తాతయ్యకో.

అతిథి భాషను సరిగ్గా రాయడం మర్యాద. మన భాషను సరిగ్గా రాయడం మన బాధ్యత. ఈ పండుగకు రెండూ మన గుమ్మాన చక్కగా వెలగాలని కోరుకుంటూ, సభ్యుల కుటుంబాలన్నిటికీ శుభాకాంక్షలు.