కొత్త ప్రింటులో పాత మారియో!

పాత సినిమాను కడిగి, తుడిచి, కొత్త ప్రింటు తీసి వదిలితే మనం ఎగబడతాం కదూ? 1957 నాటి 'మాయాబజార్'కి 2010లో రంగులద్ది రిలీజు చేశారు. 2022లో 'పోకిరి'ని మళ్ళీ తెరమీదికి తెస్తే కుర్రకారు థియేటర్లలో చేసిన గోల మీకు నేను చెప్పాలా? ఈ వారం అలాంటి కబురే... కాకపోతే సినిమాది కాదు, వీడియో గేముది. హీరో మీ అందరికీ పరిచయస్థుడే. ఎర్ర టోపీ, బుంగమీసం, పొట్టి మనిషి. మా పుంగనూరు ఆవులాగే చూడ్డానికి పొట్టి, పేరు మాత్రం దేశదేశాల గట్టి. అవును, మారియో!

మా చిన్నప్పుడు పుంగనూరు బస్టాండు దగ్గర ఒక చిన్న గదిలో నాలుగు టీవీలు, నాలుగు గేము పెట్టెలు ఉండేవి. అరగంటకు మూడు రూపాయలు. కాసెట్టు మీద తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల గేములని రాసి ఉండేది. తీరా పెడితే తిప్పి తిప్పి అవే పది గేములు! ఆ పెట్టె జపాను నింటెండో వాళ్ళ ఫ్యామికామ్‌కి నకలని మాకేం తెలుసు? టీవీలో బొమ్మ రాకపోతే కాసెట్టు తీసి ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. అంతే మాకు తెలిసిన సైన్సు.

మారియోలో మొత్తం 8 వరల్డులు, ఒక్కో దానిలో 4 భాగాలు. ఆడింది దాచుకునే వసతి లేదు. లైఫులన్నీ పోతే మళ్ళీ మొదటికే. ఏడో వరల్డులో ఉండగా కరెంటు పోయిందా... అయిపోయింది! గదిలో ఉన్న పదిమందీ ఒకేసారి "అయ్యో సామీ" అనేవాళ్ళు. అన్నట్టు, ఆట ముగిశాక ఎ బటను పట్టుకుని స్టార్టు నొక్కితే చచ్చిన వరల్డు మొదటి నుంచే ఆడొచ్చట! ఈ సంగతి నాకు ముప్పై దాటాక తెలిసింది. ఎన్ని మూడు రూపాయలు మిగిలేవో కదా!

సరే, అసలు సంగతికొస్తాను. షిగెరు మియమోతో, తకాషి తెజుకా కలిసి చేసిన 'సూపర్ మారియో బ్రదర్స్' 1985 సెప్టెంబరులో జపానులో రిలీజయింది. సంగీతం కోజి కోండో. ఆట మొత్తం 40 కిలోబైట్లు! ఇవాళ మీ ఫోనులో ఒక్క ఫోటోకే దానికి ఎన్నో రెట్లు జాగా పడుతుంది. చోటు చాలక ఏం చేశారో తెలుసా? ఆకాశంలో మబ్బునే ఆకుపచ్చ రంగు పూసి నేలమీద పొద చేసేశారు. డబుల్ రోల్ అన్నమాట! మాయాబజార్‌లో మార్కస్ బార్ట్‌లే కెమెరాతో వెన్నెల సృష్టించాడే, ఇదీ ఆ బాపతు పనితనమే.

ఈ ఆటనీ, దీని తర్వాత వచ్చినవాటినీ కలిపి, మొత్తం నాలుగింటికీ బొమ్మలు కొత్తగా గీసి, 1993లో 'సూపర్ మారియో ఆల్ స్టార్స్' అని వదిలారు. 2010లో వీ మీద, 2020లో స్విచ్ మీద మళ్ళీ వచ్చింది. రంగులు నిగనిగ, వెనకాల కొండలు, పైగా చేరిన వరల్డును దాచుకునే వసతి. జపాను దాటని 'లాస్ట్ లెవెల్స్' ప్రపంచానికి దొరికింది కూడా ఈ సంకలనంతోనే.

మొన్న బెంగుళూరులో అక్కావాళ్ళింటికి పోతే మేనల్లుడు దీన్ని పెట్టి, "ఆడు మామా, నువ్వు పెద్ద ఆటగాడివని అమ్మ చెబుతా ఉంటుంది" అన్నాడు. మీసం మెలేసి కూర్చున్నాను. రెండు నిమిషాల్లో తాబేలు పొడిచి పోయాను! మళ్ళీ ఆడాను. మళ్ళీ అదే. వాడు నవ్వాపుకోలేక చస్తున్నాడు.

లోపం నా వేలిది కాదు మిత్రులారా, ఇటుకది! పాత ఆటలో మారియో తలతో ఇటుక పగలగొడితే వెంటనే టపీమని కిందికి పడతాడు. కొత్త దానిలో ఇటుక పగిలాక కూడా కాస్త పైకే పోతాడు. కంటికి ఆనదు గానీ, ఆ పొడి గదిలో ఏళ్ళ తరబడి నేర్చిన బొటనవేలికి మాత్రం తెలిసిపోతుంది. రంగు మారిస్తే హీరో మారడు. నడక మారిస్తే? ఎన్టీ రామారావు గారి నడక మార్చి రంగులద్దితే ఒప్పుకుంటామా?

మారియో ఒక్కడికే కాదు, క్రాష్ బండికూట్‌కీ ఈ తిప్పలొచ్చాయి. 1996, 97, 98 సంవత్సరాల మూడు ఆటలను 2017లో 'ఎన్ సేన్ ట్రిలజీ'గా కొత్తగా కట్టారు. అభిమానులు అంచుల మీద జారిపోతున్నాం బాబోయ్ అని మొత్తుకున్నారు. గెంతు మునుపటిలా లేదనీ, మొదటి ఆట ఇప్పుడు ఇంకా కష్టమైందనీ తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి.

నింటెండో మరో చోద్యం చేసింది. 2020 సెప్టెంబరు 18న 'సూపర్ మారియో 3డి ఆల్ స్టార్స్' అని మూడు ఆటలు కలిపి వదిలి, 2021 మార్చి 31 తర్వాత అమ్మకం ఆపేసింది. హౌస్‌ఫుల్‌గా ఆడుతున్న సినిమాను ఎవరైనా ఎత్తేస్తారా, మీరే చెప్పండి!

మా వాడి స్విచ్‌లో 1985 నాటి ఆట కూడా ఉంది. అది పెట్టించాను. "దాచుకోవడాల్లేవ్, పోతే మొదటికే" అని షరతు. మొదటి ఇటుక పగలగొట్టగానే మారియో టపీమని పడ్డాడు. నా వేలికి ప్రాణం లేచొచ్చింది. నాలుగో వరల్డు దాకా పోయి చేతికిచ్చాను. వాడు మూడుసార్లు మొదటికే వచ్చాడు. నాలుగోసారి అక్క అన్నానికి పిలిస్తే, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా అరిచాడు:

"ఉండుమా... కరెంటు పోతే మళ్ళీ మొదటికే!"