బట్వాడా శ్రామికునికి పాలు దక్కవలెను
బందరు కోనేరు సెంటరులోను, గుడివాడ బస్టాండు ముంగిటను, మండుటెండలో మోటారు సైకిలుపై కూర్చుండి సెల్‌ఫోను మ్రోగుటకై నిరీక్షించు యువకునికి బండి, పెట్రోలు, టైరు, చలానా సమస్తమును స్వంతమే. ప్రమాదము వాటిల్లినచో ఆస్పత్రి ఖర్చు సైతము తరచుగ ఆతనిదే. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చి, ఇట్టి బట్వాడా సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతము, శ్రామికులకు చెల్లించు మొత్తములో 5 శాతమునకు మించకుండ, సంక్షేమ నిధికి జమ చేయవలెనని విధించినది. రాజస్థానము 2023లోనే ప్రత్యేక శాసనము చేసికొన్నది. మన రాష్ట్ర ప్రభుత్వము 2025 అక్టోబరులో ఆటో, క్యాబు డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున ఇచ్చుట శ్లాఘనీయమే కాని, ద్విచక్ర వాహనముపై భోజనపు పొట్లములు మోయువానికి అందు పాలు లేదు.

ఇక పన్ను మాట: ఆదాయపు పన్ను ఈ శ్రామికులలో పెక్కుమందికి పడదు; ఐనను సంస్థలు చెల్లింపు మూలమునందే కోసిన పన్నును (టీడీఎస్) రిటర్ను దాఖలు చేసి రాబట్టుకొనవచ్చునని తెలుపువారేరి?

పట్టణము దాటినచో కష్టము మరింత: కృష్ణా జిల్లా దివిసీమలో ఊళ్లు దూరము, ఆర్డర్లు అరుదు. అవనిగడ్డనుండి నాగాయలంక వైపు సరుకు మోసినవాడు తిరుగుదారి పెట్రోలును తానే భరింపవలసివచ్చును. కావున ఆ తిరుగుదారికిని సంస్థలే కిరాయి కట్టు నిబంధనను రాష్ట్రము తేవలెను. సంక్షేమ నిధి ఫలము వీరికి అందుటకై, అసంఘటిత శ్రామికుల జాతీయ పట్టికయగు ఈ-శ్రమ్‌లో వీరి నమోదును గ్రామ సచివాలయములందు వెంటనే చేపట్టవలెను.