మన్నింపుకి నిడివి ఎక్కువ

చిరంజీవి మా బంగారు తల్లికి, నీ ఈడు పిల్లలందరికీ, గాజువాక నుంచి తాతయ్య దీవించి రాయునది.

మొన్న ఫోన్లో ‘మజిలీ చూశావా అమ్మలూ’ అంటే, ‘క్లైమాక్స్ చూశాను తాతా, రీల్స్‌లో వచ్చింది’ అన్నావు. ముందు నవ్వొచ్చింది, తర్వాత దిగులేసింది. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. మీ చదువులూ కోచింగులూ నాకు తెలియనివి కావు. కానీ ఆ మొగుడూ పెళ్లాం దగ్గరవడం ఒక్కటీ కోసి చూస్తే నీకు దక్కేది కన్నీళ్లేనే తల్లీ. అవి ఎక్కడినుంచి వచ్చాయో నీ వరకూ రాదు. 2019లో వచ్చిన ఆ సినిమా మన వైజాగ్ కథే, తీసిన శివ నిర్వాణ కూడా మన వైపు కుర్రాడే. క్రికెటర్ కావాలనుకున్న పూర్ణ ఒక నేవీ ఆఫీసరు కూతుర్ని ప్రేమించి పోగొట్టుకుంటాడు. ఆ గాయంతోనే శ్రావణి మెడలో తాళి కడతాడు. రైల్వేలో ఉద్యోగం చేసి ఆవిడ ఇల్లు నడుపుతుంటే ఇతను తాగొచ్చి వేరే గదిలో పడుకుంటాడు. సినిమాలో చాలాసేపు ఇదే. చూస్తుంటే విసుగొస్తుంది, రావాలి కూడా. ఆ విసుగు లోంచే చివరి మాటకి బరువొస్తుంది. మీ అమ్మమ్మ మాత్రం హాల్లోంచి బయటికొస్తూ, ‘ఆ గుంట మొదటి రోజే నోరు విప్పి నాలుగు అడిగుంటే ఇంటర్వెల్‌కే ఇంటికొచ్చేద్దుము’ అంది. ఆవిడ మాటా కాదనలేను. మన సినిమాల్లో ఓర్చుకునే పని ఎప్పుడూ ఆడపిల్లకే పడుతుంది.

మా కాలం సినిమాలు మరీ తేలిగ్గా తేల్చేసేవిలే. ఆఖరి రీలులో ఎవరో ఒకరు కాళ్ల మీద పడేవారు, పెద్దావిడ లేవనెత్తేది, అందరూ వరసగా నిలబడి నవ్వితే శుభం కార్డు. బయట రిక్షావాళ్లు తయారు. కానీ ఆ రోజుల్లోనే, 1968లో, ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని కలిసి ‘సుడిగుండాలు’ తీశారు. ఒక జడ్జి. తల్లిలేని ఒక్కగానొక్క కొడుకుని గుండెల మీద పెంచుకుంటాడు. యుక్తవయసు పిల్లలు ఇద్దరు, పగా లేదు ప్రతీకారమూ లేదు, ఊరికే ఒక సరదా కోసం ఆ పసివాణ్ని చంపేస్తారు. అప్పుడా తండ్రి కోర్టులో ఆ చంపినవాళ్ల తరఫునే నిలబడి వాదిస్తాడు. వీళ్లని ఇలా తయారుచేసిన మన సంగతేమిటని అడుగుతాడు. జాతీయ అవార్డు వచ్చింది, డబ్బులు మాత్రం రాలేదు. మా ఊళ్లో రచ్చబండ దగ్గర దాని మీద పెద్ద గొడవే అయింది. మన్నించడం మెత్తని మనసుల పని అనుకునేవాణ్ని. అందులో ఆ తండ్రి మొహం చూశాక, అంత మొండితనం నాకెక్కడిదనిపించింది.

పదేళ్ల తర్వాత 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ మన వైజాగ్‌లోనూ భీమిలిలోనూ తీశాడు. అరవ కుర్రాడు, తెలుగు పిల్ల, పక్కపక్క ఇళ్లు, ఒకరినొకరు చూస్తే మండిపడే పెద్దలు. ఏడాది పాటు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదని పెద్దలు పెట్టిన షరతుకి పిల్లలు కట్టుబడతారు. గడువు తీరేసరికి పిల్లలే మిగలరు. ఆ సముద్రం చూసి ఎంతోమంది ప్రేమ గురించే మాట్లాడారు గానీ, నాకది పెద్దవాళ్ల సినిమా. సర్దుకోవాలని వాళ్లకీ ఉంది. రేపు చూద్దాంలే అనుకున్నారంతే.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఉక్కు ఫ్యాక్టరీకి మా ఊరు ఇచ్చేశాక నాన్న పేరున నిర్వాసితుల కార్డు ఒకటొచ్చింది. మన వైపు ‘ఆర్ కార్డు’ అంటారు, వినే ఉంటావు. కార్డుకి ఒక ఉద్యోగం. కొడుకులం ఇద్దరం. నాకు చదువుందని మీ పెదతాత తప్పుకున్నాడు. అన్నదమ్ముల ఒప్పందం ఏమిటంటే, నా జీతంలో వాటా ప్రతి నెలా ఆయనకి వెళ్లాలి. కొన్నాళ్లు ఇచ్చాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆపేశాను. ఆయన హార్బర్లో కళాసీగా చేరి మూటలు మోశాడు. నోరు తెరిచి అడగలేదు, నా గుమ్మమూ తొక్కలేదు. నాన్న దినాల్లో చెరో పక్క నిలబడ్డాం.

మీ అమ్మ పెళ్లిలో నాకు ఆ పాత సినిమాల ఆఖరి రీలు గుర్తొచ్చింది. మండపంలో అందరూ చూస్తుండగా వెళ్లి అన్నయ్య కాళ్ల మీద పడ్డాను. ఆయన లేవనెత్తి ‘సర్లేరా’ అన్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, ఫోటో కూడా తీశారు. మర్నాడు మళ్లీ మాటల్లేవు. నాకు కోపం కూడా వచ్చింది, ఇంకేం చెయ్యాలి అని. చాలా ఏళ్లకి గాని తెలియలేదు, అంతమంది ముందు పడితే ఆయనకి కాదనే దారి లేకుండా చేశానని. నేను మన్నింపు అడగలేదు, లాక్కున్నాను.

అటెన్‌బరో తీసిన ‘గాంధీ’లో ఒక సన్నివేశం ఉంది. కలకత్తా అల్లర్లలో కొడుకుని పోగొట్టుకున్న ఒక హిందువు, కసితో ఒక ముస్లిం పసివాణ్ని చంపానని నిరాహార దీక్షలో ఉన్న గాంధీ దగ్గరికొచ్చి చెబుతాడు. క్షమించాననీ అనడు గాంధీ, పొమ్మనీ అనడు. తల్లీ తండ్రీ పోయిన ఒక పిల్లవాణ్ని తెచ్చి పెంచు, కానీ ముస్లిం పిల్లవాణ్ని తెచ్చి ముస్లింగానే పెంచు అంటాడు. అంటే ఎన్నేళ్ల పని ఇచ్చాడో చూడు. నేను రిటైరయ్యాక టీవీలో అది మళ్లీ చూసి, ఒక తెల్ల కాగితం తీసుకుని ఏ ఏడు ఎంత ఇచ్చాను, ఎప్పట్నుంచి ఎగ్గొట్టాను అని రాసుకుని పెదగంట్యాడ వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరస చదివాడు. ఒకచోట ఆగి, ‘ఈ ఏడు రాయలేదేట్రా, అప్పుడే కదా మా చిన్నదాన్ని బడి మానిపించాను’ అన్నాడు. అదీ రాశాను. డబ్బు తీసుకున్నాడు. క్షమించాను అనే మాట ఇవాళ్టికీ ఆయన నోట రాలేదు, నేను అడగలేదు. ఇప్పుడు ఆదివారాలు ఇంటికొస్తున్నాడు.

అందుకే చెబుతున్నాను అమ్మలూ, నీ మనసుని ఎవరైనా బాగా నొప్పిస్తే, పదిమంది ముందు చేతులు జోడించారు కదా అని తొందరపడి సరే అనకు. ఊరుకోవే, పెద్దదానివి కదా అనేవాళ్లని నాలుగు రోజులు దూరం పెట్టు. ఫోన్లో నంబరు బ్లాక్ చేశావనీ నేను కోప్పడను. ఒక్కోసారి అదీ కావాలి. దేవుడు నీకు నిదానమూ, నిన్ను కంగారుపెట్టని స్నేహితుల్నీ ఇవ్వాలి.

అలాంటి స్నేహితులు కావాలంటే 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడు. (చూడకపోతే ఈ పేరా వదిలెయ్, గుట్టు బయటపడిపోతుంది.) వెంకటేష్ మహా ఎక్కువగా మన కంచరపాలెం వాళ్లనే, అంతకుముందు మేకప్ వేసుకోనివాళ్లనే పెట్టి తీశాడు. పెళ్లికాని ముసలి బ్రహ్మచారని ఊరంతా ఆటపట్టించే అటెండరు రాజు, ఒడిశా నుంచి వచ్చిన ఆఫీసరమ్మ రాధ. విడివిడిగా చూపించిన ప్రేమకథలన్నీ ఆ ఒక్క మనిషివేనని చివర్లో తెలుస్తుంది. ఇన్ని పోగొట్టుకున్నవాడికి క్షమాపణ చెప్పడానికి ఎవరూ తిరిగి రారు. మరి ఆయనకి నయమయ్యేదెలా? తన బతుకంతా వినే మనిషి ఒకరు దొరుకుతారు, పెళ్లి జరిపించడానికి పేటంతా కదిలొస్తుంది, అంతే.

ఈ ఆదివారం ‘సుడిగుండాలు’ పెట్టుకుందామనుకున్నాం. జడ్జి చేసింది తప్పని మీ పెదతాత ఇప్పటికీ వాదిస్తాడు. కొడుకు పోయిన బాధ తండ్రిది కాబట్టి తన వంతు మన్నించుకోవచ్చు, చచ్చిపోయిన ఆ పిల్లాడి వంతు మన్నించడానికి ఆయనెవరు అంటాడు. నా దగ్గర జవాబు లేదు. వీలైతే నువ్వూ రా, మొదట్నుంచీ చూసి నీకేమనిపించిందో ఆయనతోనే చెప్దువుగాని. మీ అమ్మమ్మ అరిసెలు వండుతానంటోంది.

నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని దీవిస్తూ,
మీ తాతయ్య