డోలక్ కొట్టినాయన పేరేంది?

మన సంఘం కచేరీ అయిన మూడో రోజు రాత్రి నా ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపినాయనది మా బాన్సువాడ పక్క పల్లె. గల్ఫ్‌కు వచ్చి పన్నెండేళ్లు దాటింది, లారీ నడుపుతాడు. ఈ సంచిక కోసం "ఈ చలికాలం మీరు విన్న కచేరీ గురించి నాలుగు మాటలు రాయండి" అని సభ్యులందరినీ అడిగాం కదా, దానికి ఆయన జవాబు అది. "అన్నా, నాకు రాసుడు రాదు, నోటితోనే చెప్త" అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాడు. వెనక బండి ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"పాటలు మంచిగనే పాడిన్రు అన్నా. గని నేను ఎనుక నిలవడ్డ. ఆడికి బాక్సుల గుద్దుడే అచ్చింది, మాట రాలె. చరణంల ఏమన్నరో నాకు ఇప్పటికీ తెల్వది. ఒక్క పాటకు మాత్రం అన్నీ బందువెట్టి ఒట్టి డోలక్ మీద పాడిన్రు సూడు, గప్పుడు పెయ్యి జల్లుమన్నది. ఆ డోలక్ కొట్టినాయన పేరేంది అన్నా? ఎవ్వలు చెప్పలే."

ఆ పేరు నా దగ్గర లేదు. గాయకుల పేర్లున్నాయి, ముఖ్య అతిథి పేరుంది, చందా ఇచ్చిన దుకాణాల పేర్లు పోస్టరు కింద వరసగా ఉన్నాయి. రెండున్నర గంటలు ఆ వేదిక మీద చేయి ఆపకుండా వాయించినాయన పేరు మాత్రం ఎక్కడా లేదు. ముగ్గురికి ఫోన్ చేస్తే తప్ప దొరకలేదు. పగలు గోదాములో పని చేసి, రాత్రి వచ్చి డోలక్ వాయించిన మనిషి ఆయన. సంపాదకుడిగా ఇది నా తప్పు. అందుకే ఈసారి సంపాదకీయం ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

అభిప్రాయాలు చాలానే వచ్చాయి, అందరికీ కృతజ్ఞతలు. వాటిలో ఎక్కువ భాగం "అదిరిపోయింది", "సూపర్", "మరపురాని సాయంత్రం" దగ్గరే ఆగిపోయాయి. ఇంకొన్ని బిర్యానీ చల్లారిపోయిందని, బండ్లు పెట్టుకోను చోటు లేదని వచ్చాయి. అవీ అవసరమే, కార్యవర్గానికి అందజేశాను. కానీ ఏ పాట మిమ్మల్ని పట్టుకుంది, ఎక్కడ మనసు జారిపోయింది, ఎవరి గొంతు నిలబడింది, ఎవరి చేతిలో దరువు నిలబడింది అని చెప్పినవాళ్లు చాలా తక్కువ. ఆ తక్కువమందిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రాయడం రాదన్న ఆ లారీ డ్రైవరే. ఆయన అట్లా వినడం ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. నేనూ ఆ వైపువాణ్నే.

1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీళ్లతో పండే వరి మా బాన్సువాడది. కోతలై, వడ్లు ఇల్లు చేరినంక మా వైపు పాటల కాలం మొదలవుతుంది. ఒక ఊళ్లో చిరుతల రామాయణం, ఇంకో ఊళ్లో భజన, తండాల్లో లంబాడీ పాటలు, దర్గా ఉర్సులో కవ్వాలి. మద్నూరు, జుక్కల్, బిచ్కుంద వైపు పోతే మహారాష్ట్ర గాలి సోకిన సప్తాహాలు. ఏడు రోజులు నామం ఆగదు. వీణ కింద పెట్టకుండా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వంతులవారీగా మారుతుంది. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ, లంబాడీ, ఇన్ని భాషల్లో పాట వింటూ పెరిగిన చెవులు మావాళ్లవి. అర్థం తెలియని పాటలో కూడా తాళం తప్పితే పట్టేస్తారు.

అసలు ముచ్చట తెల్లారి నడుస్తుంది. రాత్రి భజన అయిందంటే పొద్దున బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో దాని మీద పంచాయితీ కూర్చుంటుంది. "మొదటి పాట శృతి మీద ఎత్తుకోలే." "హార్మోనియం ఆయన పెట్టెను ఉరికిచ్చిండు, పాడెటాయనకు ఊపిరి అందలే." "మూడో పాట కాడ వంత పాడెటోళ్లు నిద్రవోయిన్రు." "గా చిన్న పోరడు తాళాలు ఏస్తుండు సూడు, వాడు రేపు మొనగాడైతడు." ఈ మాటలు చెప్పేవాళ్లలో మేస్త్రీలుంటారు, మందుల దుకాణం ఆయన ఉంటాడు, పొలం మడికి నీళ్లు కట్టి వచ్చిన రైతు ఉంటాడు. ఒక్కోసారి రాత్రి పాడినాయనే పక్క బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ ఇవన్నీ వింటాడు. మొహం మాడ్చుకోడు. వచ్చే వారం భజనలో ఎత్తుగడ మార్చుకుని వస్తాడు. చిన్నప్పుడు మా నాయన వెంట పోయి ఆ హోటల్లో కూర్చున్నవాణ్ని. మొన్న సెలవుకు పోయినప్పుడూ కూర్చున్నాను. మనుషులు మారారు కానీ పంచాయితీ అదే.

అభిప్రాయం చెప్పడానికి మనవాళ్లకు మాటే కానక్కరలేదు. ఒగ్గుకథ నడుస్తుండగా నచ్చినచోట లేచి పది రూపాయల నోటు చదివిస్తారు. కథకుడు ఆట ఆపి, ఇచ్చినవాళ్ల పేరు, ఊరు చెప్పి దీవిస్తాడు. కవ్వాలి సభలో ఒక పాదం గుండెకు తగిలితే "వాహ్ వా" అని చేయెత్తుతారు, గాయకుడు ఆ పాదాన్నే ఇంకో రెండు రకాలుగా తిప్పి పాడతాడు. పద్యనాటకాల దగ్గర "వన్స్ మోర్" సంగతి తెలియని తెలుగువాళ్లు ఉండరు. రాయబారంలోనో, హరిశ్చంద్ర కాటి సీన్లోనో మంచి పద్యం పడితే నటుడు మళ్లీ పాడకుండా కథ ముందుకు కదిలేది కాదు. నాటకం కట్టుకు అది మంచిదా చెడ్డదా అని పెద్దలు వాదించుకున్నారు, ఆ వాదం పక్కన పెడదాం. వినేవాడు తన తీర్పు అక్కడికక్కడే చెప్పేవాడు, పాడేవాడు అక్కడికక్కడే అందుకునేవాడు. మనకు ఆ అలవాటుంది.

మరి ఇక్కడికొచ్చాక ఎందుకు పోయింది? నాకు తోచింది చెబుతాను. పరాయి దేశంలో మన భాషలో ఒక పాట వినబడితే అదే పదివేలు. ఇంత శ్రమపడి కార్యక్రమం పెట్టినవాళ్లకు లోపం చెప్పడం మర్యాద కాదేమోనన్న మొహమాటం. ఆ మొహమాటంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ దానివల్ల ప్రతి ఏడూ అదే సౌండు వ్యవస్థ వస్తుంది, వెనక నిలబడినవాళ్లకు ప్రతి ఏడూ చరణం వినబడదు. ముందు వరసలో సోఫాల్లో కూర్చున్న మాకు ఆ సంగతే తెలియదు.

లోపం చెప్పడమంటే నొప్పించడం కాదని మన తెలుగువాళ్లకు ఇంటింటా చూపించినాయన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైనప్పుడు చాలామంది దాన్ని పిల్లల పాటల పోటీ అనుకున్నారు. నా లెక్కలో అది వినేవాళ్లకు బడి. పిల్ల పాడడం అయిపోగానే ముందు బాగున్నదేమిటో చెప్పేవారు. ఆ తర్వాత రెండో చరణంలో ఫలానా మాట దగ్గర శృతి కాస్త దిగిందని, ఒత్తు పలకలేదని, ఊపిరి తప్పుచోట తీసుకున్నావని వేలుపెట్టి చూపించేవారు. తానే పాడి వినిపించేవారు. పాట ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, వెనక ఏ వాద్యం ఎందుకు వచ్చింది అన్నవీ చెప్పేవారు. వాద్యబృందం పట్ల ఆయన చూపిన మర్యాదను నేను మరిచిపోలేదు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినప్పుడు మనం ఇక్కడ పెట్టుకున్న సంతాపసభల్లో ఆయన పాటలే పాడుకున్నాం. ఆయన నేర్పిన వినడం గురించి ఎవరం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మన పాట సముద్రాలు దాటి చాలా కాలమైంది. 1971లో ఘంటసాల అమెరికా, యూరప్ వెళ్లి అక్కడి తెలుగువాళ్లకు ఎదురుగా నిలబడి పాడారు. 1990లో మారిషస్‌లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. అట్లాంటి చోట్ల వేదిక మీద శాలువా కప్పుతున్న ఫొటోలు దాచుకుంటాం. నేల మీద కూర్చుని విన్నవాళ్లు ఆ రాత్రి ఇంటికి పోతూ ఏమనుకున్నారో ఎవరు దాచారు? మన పాత సంచికలు ఈ వారం తిరగేశాను. ప్రతి కచేరీకి ఒక నివేదిక ఉంది. జ్యోతి ప్రజ్వలన ఎవరు చేశారో ఉంది, వందన సమర్పణ ఎవరు చేశారో ఉంది. ఏ పాట ఎట్లా ఉందో ఒక్క వాక్యం దొరకలేదు. యాభై ఏళ్ల తర్వాత మన మనవళ్లు అవి చదివితే, మనం పాటలు విన్నామన్న సంగతే వాళ్లకు తెలియకపోవచ్చు.

విన్నవాళ్ల మాటకు బలం లేదనుకోకండి. 2017 జూలైలో లండన్ వెంబ్లీలో ఏఆర్ రెహమాన్ కచేరీలో తమిళ పాటలు ఎక్కువయ్యాయని కొందరు హిందీ అభిమానులు మధ్యలో లేచిపోయారు. కచేరీకి పెట్టిన పేరే తమిళం కదా అని మరికొందరు వాళ్లకు జవాబిచ్చారు. పేరు చూసి టికెట్టు కొన్నవాడు ఆ భాష ఎక్కువైందని అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. 2023 సెప్టెంబరు 10న చెన్నైలో ఆయనదే ఇంకో కచేరీ. పట్టనంత జనం వచ్చి, టికెట్లున్నవాళ్లు కూడా లోపలికి పోలేక బయటే మిగిలిపోయారు, ఆడవాళ్లు ఆ తోపులాటలో నానా అవస్థ పడ్డారు. వాళ్లు ఊరుకోలేదు, జరిగింది జరిగినట్టు చెప్పారు. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు, లోపలికి రాలేకపోయినవాళ్లు టికెట్టు నకలు పంపమని రెహమానే అడిగారు. ఒకటి పాట మీద అభిప్రాయం, రెండోది ఏర్పాట్ల మీద ఫిర్యాదు. రెండూ చెప్పవలసినవే, కానీ ఒకదానిలో ఇంకొకటి కలిపేస్తే ఏదీ ఎవరికీ అందదు.

భాషల తగాదా లాంటిదే మనకూ ఒకటి వచ్చింది ఈసారి. సినిమా పాటలు తక్కువైనాయని కొందరు, జానపదం పేరుతో డీజే మోత వినిపించారని ఇంకొందరు. రెండు పక్షాల ఉత్తరాలూ లోపలి పేజీల్లో ఎదురెదురుగా వేశాం, ఎవరి మాటా కత్తిరించలేదు. నా మొగ్గు ఎటో కూడా దాచుకోను. మాట వినబడని జానపదం నాకు జానపదం కాదు. డప్పు, గజ్జెలు, గొంతు ఉంటే పాటకు చాలు. తెలంగాణ ధూంధాం మొదలైంది మా కామారెడ్డిలోనే, 2002లో. ఆ వేదికల మీద పాడినవాళ్ల బలం సౌండు బాక్సుల్లో లేదు. కింద కూర్చున్న జనం వంత అందుకునేవారు. వంత పాడాలంటే ముందు మాట వినబడాలి. 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు వేలమంది నోట ఆ పాటలు కంఠతా వచ్చాయంటే, వాళ్లు ప్రతి మాటా విన్నారు గనకనే.

అందుకని కార్యవర్గంతో మాట్లాడి రెండు సంగతులు ఒప్పించాను. వచ్చే కచేరీకి ముందు సౌండు సరిచూసేటప్పుడు మనలో ఒకరు మైదానం చివర, నిలబడి వినేవాళ్ల చోట నిలబడతారు. అక్కడ మాట వినబడేదాకా కచేరీ మొదలవదు. రెండోది, పోస్టరు మీద గాయకుల పేర్ల పక్కనే, అదే సైజు అక్షరాల్లో వాద్యకారుల పేర్లుంటాయి. హార్మోనియం, కీబోర్డు, తబలా, డప్పు, డోలక్, వంత పాడేవాళ్లు, ఎవ్వరినీ వదలం.

మీ నుంచి నాకు కావలసింది కూడా చెబుతాను. వచ్చే సంచికకు కచేరీ మీద మీ మాట పంపండి. మన కచేరీయే కానక్కరలేదు. సెలవుకు పోయి ఊళ్లో విన్న భజనైనా, హైదరాబాద్‌లో టికెట్టు కొని చూసిన పెద్ద కచేరీ అయినా, గుడి ముందు విన్న హరికథైనా సరే. "బాగుంది" అన్న మాట ఒక్కటే పంపకండి, ఏది బాగుందో చెప్పండి. ఒక్క పాటను పట్టుకుని, అది మీకు ఎక్కడ తగిలిందో చెప్పండి. బాగాలేకపోతే ఎక్కడ బాగాలేదో చెప్పండి, మనిషిని అనకుండా పాటను అనండి. రాయడం రానివాళ్లు వాయిస్ మెసేజ్ పంపండి, మీ యాసలో మీరు ఎట్లా అంటే అట్లాగే అచ్చువేస్తాం. ముఖ్యంగా వెనక నిలబడి విన్నవాళ్లు పంపండి. ముందు వరసలో మేం ఏం విన్నామో మాకు తెలుసు, అక్కడ ఏం వినబడిందో మీరే చెప్పాలి.

బాన్సువాడ తమ్మునికి ఆ రాత్రే జవాబు పంపాను, డోలక్ కొట్టినాయన పేరు, ఆయన ఒప్పుకున్నాక ఫోను నంబరూ ఇచ్చాను. ఇద్దరూ మాట్లాడుకున్నారట. ఆ రాత్రి వేదిక మీద వాయించిన ఆరుగురి పేర్లు ఈ సంచిక వెనక అట్ట మీద ఉన్నాయి. మొదటి పేరు ఆయనదే.